అయస్కాంతానికి అంటుకున్నవి

ఆషాఢ బహుళ తదియ

గాలి నైరుతి. పోటు గట్టు నడుముదాకా వచ్చి వెనక్కి పోయింది. పొద్దుటి రేడియోలో నికెల్ రేటు కిలోకి తొంభై బిందెల మంచినీళ్లు అన్నారు. నిన్నటికంటే ఎక్కువ.

మధ్యాహ్నం నికెల్ బోర్డు లాంచీ వచ్చింది. నీళ్ల ప్లాంటుకి కొత్త ప్లేట్లు తెచ్చిందనుకుని అందరం రేవు దగ్గరికి వెళ్లాం. ప్లేట్లు లేవు. పోయిన నెల మేము కరిగించి పంపిన దిమ్మలన్నీ తిరిగి దింపేసింది. ఒక్కో దిమ్మ మీద ఎర్రరంగుతో అడ్డగీత. సరంగు నా చేతిలో కాగితం పెట్టాడు. ఈ సరుకులో నికెల్ దాదాపు లేదని, తనిఖీ అధికారి వస్తారని అందులో ఉంది.

గట్టుపెద్ద గురయ్య దిమ్మల చుట్టూ తిరిగి, కాలితో ఒకదాన్ని తట్టి చూశాడు.

"ఏంటి బావా ఇది, పెళ్లిసంబంధం తిరిగొచ్చినట్టు తిరిగొచ్చేసింది?"

"నికెల్ లేదంట."

"లేకపోతే ఏ మూలకి పోయిందంటావ్? ఊళ్లో స్టీలు సామానంతా ఇందులోనే పోశాం కదా. ఇప్పుడు ఆకుల్లో తింటన్నాం."

ఆయన అన్నది నిజమే. గిన్నెలు, పళ్లేలు, చెంబులు, జనం తెచ్చినవన్నీ నా కొలిమి పాకకే వస్తాయి. మా అక్క ధనమ్మ చూపుడువేలికి దారంతో చిన్న అయస్కాంతం కట్టుకుని ఒక్కొక్కదాన్నీ తడుముతుంది. అంటుకోకపోతే నికెల్ ఉన్నట్టు, కొలిమిలోకి. అంటుకుంటే ఇనుము కింద లెక్క, బయటికి. మాకు ముందు పాతసామాను వాళ్లందరూ ఇలాగే చూసేవారు.

ఇన్నేళ్లూ బోర్డు అడగలేదు. ద్వీపాల నుంచి ఖనిజం ఓడలు వచ్చినన్నాళ్లూ మా దిమ్మల్ని అందులో కలిపేసుకునేవారు. ఓడలు ఆగాయి. ఇప్పుడు ప్రతి దిమ్మనీ పరీక్ష చేస్తున్నారు.

అక్కకి చెప్తే దిమ్మల వైపు చూడను కూడా చూడలేదు. "నా యేలు తప్పు సెప్పదు. కాటాలో తప్పుంటే ఉండొచ్చు. నీ కొలిమిలో ఉంటే ఉండొచ్చు" అంది.

బహుళ చవితి

రేటు తొంభై ఆరు.

నీళ్ల ప్లాంటుకి వెళ్లాను. నా మేనల్లుడు సూరన్న, అంటే అక్క కొడుకు, అక్కడ పనిచేస్తాడు. బ్యాటరీ తొట్టి మూత ఎత్తి చూపించాడు. నికెల్ ప్లేట్లు నల్లబడి, అంచులు పొలుసులుగా రాలుతున్నాయి. ఆ ప్లేట్లు కరెంటు దాచిపెడితేనే పంపులు తిరిగి, ఉప్పునీళ్లు మంచినీళ్లవుతాయి.

"ఎన్నాళ్లాగుతాయి?" అన్నాను.

"అమావాస్యదాకా లాగుతాను మావయ్యా. ఆ తరవాత మన చేతుల్లో లేదు."

ఎవరి ఊరి నికెల్‌కి వాళ్ల ఊరికే, ఆనాటి రేటు ప్రకారం ప్లేట్లు, అదీ బోర్డు పద్ధతి. మా కిందిఊరు పోయిన ఏడాది ఇవ్వలేకపోయింది. నీళ్లు ఆగాక వాళ్లని లోపలి శిబిరాలకి పంచేశారు. తల్లిని ఒకచోట, పిల్లల్ని ఒకచోట వేశారని విన్నాం. ఇప్పుడు ఆ ఊరి గట్టు మీద పక్షులు తప్ప ఎవరూ లేరు.

బహుళ షష్ఠి

తనిఖీ అధికారి వచ్చింది. పేరు వహీదా. రబ్బరు బూట్లు, భుజాన నీళ్లసంచి, చేతిలో పిస్తోలులాంటి పరికరం. దాని మూతి లోహానికి ఆనించి మీట నొక్కితే ఏ లోహం ఎంత ఉందో వెనక అద్దం మీద కనిపిస్తుంది.

"ఇదేంటమ్మా, కాల్చిపారెయ్యడానికే వచ్చావా?" అంది అక్క.

"గిన్నెల్ని మాత్రమే పెద్దమ్మా" అని నవ్వింది ఆవిడ.

కొలిమికి సిద్ధంగా ఉన్న కుప్పలోంచి ఒక పళ్లెం తీసి ఆనించింది. నికెల్ లేదు. చెంబు తీసింది. లేదు. అక్క కుప్ప అడుగు నుంచి తనే ఏరి ఏరి ఇచ్చింది. ఒకటీ అరా తప్ప దేంట్లోనూ లేదు.

"ఇవి మాంగనీసు రకం పెద్దమ్మా. నికెల్ ఖరీదని, అది తగ్గించి మాంగనీసు వేసి చేసేవారు. ఇవీ అయస్కాంతానికి అంటుకోవు."

పాక మూల పిల్లికి నీళ్లు పోసే లోతుగిన్నె ఉంది. వహీదా వెళ్తూ వెళ్తూ దాని మీద మీట నొక్కి ఆగిపోయింది. మళ్లీ నొక్కింది.

"ఇది మంచి నికెల్ ఉక్కు. దీన్నెందుకు వదిలేశారు?"

"అది అంటుకుందమ్మా. అంచు దగ్గర కొంచెం లాగింది. అందుకే పక్కనెట్టాను" అంది అక్క.

"లోతుగా సాగదీసి చేసిన గిన్నె అలాగే కొంచెం లాగుతుంది పెద్దమ్మా. ఉక్కు మంచిదైనా సరే." ఆవిడ గొంతు మారింది. "ఇలా పక్కన పెట్టినవన్నీ ఎక్కడున్నాయి?"

అక్క నోరు తెరిచింది. నేను అడ్డుపడ్డాను. "లేవండి. సముద్రంలో పారేశాం."

అక్క ఉండగా తనకంటే ముందు నేను జవాబు చెప్పడం నాకు గుర్తున్నంతలో ఇదే మొదలు. వహీదా పరికరం దించింది. ఉత్తర ఊళ్లు చూసుకుని అమావాస్యకి వస్తానంది. అప్పటికి నికెల్ ఉంటే ప్లేట్లకి రాసిస్తుంది. లేకపోతే ఊరు ఖాళీ చేయించే ఉత్తరువు ఇవ్వక తప్పదంది.

పక్కన పెట్టినవి సముద్రంలో లేవు. సముద్రానికి అడ్డంగా ఉన్నాయి. గట్టు కట్టినప్పుడు మొదటి వరుస ఇళ్లు వదిలి లోపలికి రమ్మన్నారు. అందరూ వచ్చారు. అక్క రాలేదు. "సముద్రం నా గుమ్మంలోకొస్తే అదే పోతాది, నేనెందుకు పోతాను" అని అక్కడే కూర్చుంది. చేసేది లేక గట్టుని ఆవిడ ఇంటి చుట్టూ తిప్పి కట్టారు. అక్కడ గట్టు ముక్కులా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. మేమూ ముక్కు అనే అంటాం. దాన్ని నింపడానికి రాళ్లు చాలలేదు. ఏళ్ల తరబడి అక్క వద్దన్న ప్రతి గిన్నెనీ తీగతో అల్లిన వలగూళ్లలో కుక్కి ముక్కులోనే పేర్చాం. పైన మట్టి, దాని మీద ఆవిడ గోంగూర మడి.

గూళ్లు విప్పితే నికెల్ వస్తుంది. ఇల్లు సముద్రానికి పోతుంది.

బహుళ అష్టమి

రేటు నూట ఇరవై. రేడియోలో రేట్లు చదివే అమ్మాయి తడబడింది.

సూరన్న పంపులు సగానికి తగ్గించాడు. కుళాయి దగ్గర మనిషికి అర బిందె. వరుసలో అక్క నా ముందు నిల్చుంది. దిమ్మలు తిరిగొచ్చిన సంగతి ఊరందరికీ తెలుసు. గిన్నెలు చూసిన చెయ్యి ఎవరిదో కూడా తెలుసు.

"ఊరి నికెలంతా కరిగించి నడుముకి వడ్డాణం సేయించుకుందేమో" అందొకామె వెనక నుంచి.

"వడ్డాణమెక్కడిది, ఆ యేలు కోసి కొలిమిలో ఎయ్యండి, అందులోనే ఉంటాది" అంది ఇంకొకామె.

మామూలుగా అయితే మా అక్క ఒక మాటకి పది మాటలు తిరిగి ఇస్తుంది. ఈ రోజు అర బిందె పట్టుకుని వెళ్లిపోయింది. ఆ వేలికి అయస్కాంతం లేదు.

వెనకే వెళ్లాను. గోంగూర మడి దగ్గర కూర్చుని ఉంది.

"సెప్పేద్దామా అక్కా?" అన్నాను.

"సెప్పు. సెప్పి, రేపట్నుంచి నీకు అక్క లేదనుకో. నీ గుమ్మం తొక్కను."

"ఊరు పోతే ఈ ఇల్లు మాత్రం ఉంటాదా?"

"ఎల్లు తమ్ముడా. ఎండలో నిలబడకు."

బహుళ దశమి

రేటు నూట నలభై. నిద్ర సరిగా లేదు. పోటు రోజురోజుకీ పైకి వస్తోంది. ముక్కు దగ్గర కెరటం కొట్టినప్పుడల్లా లోపల గిన్నెలు కదిలిన చప్పుడు వినిపిస్తోంది. ఇదివరకు కూడా వినిపించేదేమో. నేను పట్టించుకోలేదు.

సూరన్న పాకకి వచ్చి గడపలో కూర్చున్నాడు.

"అమ్మ రెండు రోజులై మాట్లాడట్లేదు మావయ్యా. తిట్టనైనా తిట్టట్లేదు. నాకు భయమేస్తంది."

"ఒంట్లో బాగోలేదేమో."

"ఒంట్లో బాగోపోతే ఇంకా ఎక్కువ తిడతాది కదా." వాడు నా ముఖం చూశాడు. "నీకేమన్నా తెలుసా?"

లేదన్నాను. వాడు అరచేతిలోని నల్లపొలుసులు చూపించి, ఇవి ఈ పూట రాలినవి అని, లేచి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఒక కొత్త పడవ వచ్చింది. నిండా సిమెంటు బస్తాలు. యజమాని పేరు వీరభద్రం. పాత ఇనుము కొంటాడట, బదులుగా సిమెంటు ఇస్తాడట. చల్లగాలికి వచ్చినవాడిలా గట్టు పొడవునా నడిచాడు. ముక్కు దగ్గర వంగి చెప్పు సర్దుకున్నాడు. చాలాసేపు సర్దుకున్నాడు. లేచినప్పుడు కండువా కింద నుంచి పిస్తోలు మూతి కనిపించింది. వహీదా చేతిలో ఉన్నటువంటిదే.

తిన్నగా గురయ్య ఇంటికి వెళ్లాడు.

బహుళ ఏకాదశి

వలలపాకలో గురయ్య కూటం పెట్టాడు. వీరభద్రం ముందువరుసలో కూర్చున్నాడు. గురయ్య ముఖం వెలిగిపోతోంది.

"ఈయన దేవుడిలా వచ్చాడు. మన ముక్కు లోపల తుప్పట్టిపోయిందంట. ఈ అమావాస్య పోటుకి ఆగదంట. ఆ ఇనపచెత్త తీసుకుపోయి, బదులు సిమెంటుతో ముక్కు కట్టించి ఎల్తాడంట. మన చేతి నుంచి ఏమీ పడదు."

"ఎందుకు బాబూ మా మీదింత ప్రేమ?" అన్నారెవరో. నవ్వారు.

"వ్యాపారమండీ" అన్నాడు వీరభద్రం చేతులు జోడించి. "ఇనుముకీ ఏదో ఒక ధర ఉంటుంది. ఆ పెద్దావిడ ఇంటికేమీ కాదు. గోడ ఇంకా గట్టిగా ఉంటుంది."

అక్క స్తంభానికి ఆనుకుని నిల్చుంది. ఆ మాటకి తల తిప్పి నన్ను చూసింది. ఊరుకో అని పెదవులతో అంది. ఇల్లు ఉంటుంది, గోడ ఉంటుంది. నేను నోరు మూసుకుంటే చాలు. నికెల్ పడవెక్కి పోతుంది. ఊరు నీళ్లు లేక శిబిరాలకి పోతుంది. ఖాళీ ఊళ్లో సిమెంటు ముక్కు వెనక అక్క ఇల్లు ఒక్కటే మిగులుతుంది. అది ఆవిడకి తెలియదని అనుకోను. కానీ ఇల్లు తన చేతులతో కట్టుకుంది. ఎండుచేపలు అమ్మి ఒక్కో ఇటుకా తెచ్చుకుంది.

గురయ్య అందరి వేలిముద్రలకి కాగితం తీశాడు. మొదట తనే వేయబోయాడు.

"ఎయ్యకు" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కూటంలో నేనెప్పుడూ మాట్లాడలేదు. అందరూ వెనక్కి తిరిగారు.

"ఏంటి బావా? కూర్చునే సెప్పు, పర్లేదు."

"ముక్కులో ఉన్నది ఇనుము కాదు. నికెల్. మనం కరిగించిందాంట్లో లేదు. పక్కన పారేసిందాంట్లో ఉంది. బోర్డు మేడంగారు పరీక్ష చేసి సెప్పారు. నేను దాచాను. ఈయనకీ తెలుసు. కండువా తీసి సూడండి."

వీరభద్రం కండువా తీయలేదు. గుండెకి అదుముకున్నాడు. అది చాలింది. తర్వాత జరిగిన అరుపులు రాయను. పడవదాకా అతన్ని సాగనంపిన మర్యాద కూడా రాయను. సిమెంటు బస్తాలు కొన్ని మాత్రం ఇక్కడే మిగిలాయి. అవెలా దిగాయని ఎవరూ అడగలేదు.

కుళాయి దగ్గర వడ్డాణం మాట అన్నామె తలదించుకుని కూర్చుంది. అందరూ చల్లారాక గురయ్య మెల్లగా అన్నాడు. "ముక్కు మళ్లీ అంత పొడుగున కట్టడానికి రాయి లేదు, టైమూ లేదు. ముక్కు మొదట్లో, ఈ కొస నుంచి ఆ కొసకి తిన్నగా అడ్డుగోడ పెడితే అమావాస్యకి అందుకోగలం. కానీ వదిన ఇల్లు..."

అందరూ అక్క వైపు చూశారు. అక్క నన్ను చూసింది.

"నన్నడిగావా?" అంది. "నా ఇంటి గురించి ఊరందరికీ సెప్పావు. నన్నడిగావా?"

ఆవిడ వెళ్లిపోయింది.

బహుళ త్రయోదశి

రేటు రాసుకోలేదు. రేడియో పెట్టే తీరిక లేదు.

ఊరంతా ముక్కు దగ్గరే ఉంది. సగం మంది గూళ్లు విప్పుతున్నారు, సగం మంది లోపలి గోడ కడుతున్నారు. తిరిగొచ్చిన దిమ్మలు, మాంగనీసు గిన్నెలు, వీరభద్రం సిమెంటు, అన్నీ ఆ గోడలోకి.

విప్పడం మొదలెట్టాక ఇంకో చిక్కు వచ్చింది. గూళ్లలో నికెల్ గిన్నెలతోపాటు నిజం ఇనుము కూడా ఉంది. మూతలు, రేకులు, కుంపట్లు. తుప్పుమట్టి అంటుకుని అన్నీ ఒకేలా ఉన్నాయి. కలిపి పంపితే మళ్లీ ఎర్రగీత. వహీదా వచ్చేదాకా ఆగితే పోటుకి అందదు.

నేను ఏరుతూ, ఏది ఏదో తెలియక కూర్చుండిపోయాను. ఎవరో నా పక్క నుంచి గిన్నె లాక్కున్నారు. అక్క. వేలికి అయస్కాంతం కట్టుకుని ఉంది. గిన్నె అంచు తడిమి ఎడమ పక్కకి విసిరింది. మూత తడిమి కుడిపక్కకి విసిరింది.

"కరిసి పట్టుకుంటే ఇనుము" అంది గురయ్యతో, నేనక్కడ లేనట్టు. "పట్టుకున్నట్టే పట్టుకుని వదిలేత్తే నికెలు. అప్పుడు రెండూ ఒకటే అనుకున్నాను. ఇంకోటియ్యి."

"వదినా, ఇంట్లో సామాను..."

"సూరన్న సర్దుతున్నాడు. నువ్వు సెయ్యాడించు."

పొద్దుగూకేదాకా ఒక్కసారి కూడా ఇంటి వైపు తిరగలేదు. ఇల్లు ఆవిడ వెనకే, చేతికందేంత దూరంలో ఉంది.

అమావాస్య

పొద్దున్నే వహీదా లాంచీ వచ్చింది. రేవులో పోసిన కుప్ప చూసి ఆవిడేమీ అడగలేదు. అక్కడక్కడా మీట నొక్కుకుంటూ పోయింది. ఇనుము ఒకటి రెండు చోట్ల దొరికింది, తీసి పారేసింది. మిగతాది సరిపోతుందంది. కానీ సరిపోవడం సరిపోవడమే, పైన ఏమీ మిగలదంది.

"రేటు పడిపోతోంది" అని నాతో నెమ్మదిగా చెప్పింది. "పై ఊళ్లలో కూడా అంటుకున్నవి బయటికి తీస్తున్నారు. ఇంకో పది రోజులు ఆగితే ఇదే కుప్పకి సగం ప్లేట్లు కూడా వచ్చేవి కాదు."

ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

లాంచీ కదిలేసరికి పోటు మొదలైంది. లోపలి గోడకి చివరి వరుస ఇంకా పేరుస్తూనే ఉన్నాం. మొదటి పెద్ద కెరటం ఖాళీ ముక్కుని దాటి గోంగూర మడిలోకి వచ్చింది. రెండోది గుమ్మంలోకి వెళ్లింది. ఇంట్లోంచి మనిషి బయటికొచ్చినట్టు మళ్లీ గుమ్మంలోంచే వెనక్కి వచ్చింది. కాసేపటికి పక్కగోడ కూర్చుండిపోయింది. పెద్ద చప్పుడేమీ లేదు.

అక్క మాతోపాటు బస్తాలు అందిస్తోంది. చప్పుడు విని ఒక్క క్షణం ఆగింది. "అదేంటి, సేతులు పడిపోయినాయా?" అని పక్కవాడిని గదమాయించింది. గోడ నిలిచింది. కింద కొంచెం ఊరుతోంది. రేపు మట్టి కొట్టాలి.

శ్రావణ శుద్ధ షష్ఠి

మొన్న ప్లేట్లు వచ్చాయి. అందాకా మనిషికి పావు బిందెతో గడిపాం. సూరన్న నిన్నంతా బిగించాడు.

అక్క ప్లాంటు పక్కన సూరన్న గదిలో ఉంటోంది. మా ఇంటికి రాలేదు. నాతో మాట్లాడలేదు. దారిలో ఎదురైతే నా పక్కనున్న గోడతో మాట్లాడుతోంది.

ఈ ఉదయం కుళాయి తిప్పారు. నిండు ధార. బిందె తీసుకుని నేనూ వెళ్లాను. మొదటి బిందె ధనమ్మకే అని వరుసంతా పక్కకి జరిగింది. ఆవిడ దోసిట్లో పట్టి ఒక గుక్క తాగింది. మొహం చిట్లించింది.

"ఉప్పగా ఉన్నాయి" అంది.

సూరన్న కంగారుగా మీటరు చూశాడు. "లేదమ్మా, ఇంత మంచినీళ్లు ఎప్పుడూ రాలేదు." గురయ్య తాగాడు. బాగున్నాయన్నాడు. వెనకామె తాగింది. తియ్యగా ఉన్నాయంది.

"ఉప్పగా ఉన్నాయి" అంది అక్క మళ్లీ. ఈసారి అడ్డుగోడ వైపు తిరిగి అంది. అందరూ అటూ ఇటూ చూసుకున్నారు.

నేను ముందుకి వెళ్లి ఆవిడ బిందెలోంచే దోసిట పట్టి తాగాను. నీళ్లు బాగున్నాయి. ఉప్పు ఏమాత్రం లేదు.

"అవునక్కా" అన్నాను. "ఉప్పగానే ఉన్నాయి."

ఆవిడ నన్ను చూసింది.

"మరి!" అంది. "నేనేమన్నా ఎర్రిదాన్నా? ఈళ్లకి నాలుకలున్నాయా అసలు? ఈ గురయ్య ఉప్పుసేప తినీ తినీ..." అని మొదలుపెట్టింది. బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ కుళాయి కట్టలేదు.